హీరో ఫ్రెండ్ వేషం

తెలుగు సినిమాలో కొత్తవాడికి దొరికే మంచి ఉద్యోగం హీరో ఫ్రెండ్ వేషం. ప్రియదర్శి 2016లో 'పెళ్లిచూపులు'తో అలాగే జనానికి దగ్గరయ్యాడు. మూడేళ్లకి 'మల్లేశం'లో కథానాయకుడు. షార్ట్ ఫిల్ములు చేసుకుంటూ వచ్చిన సుహాస్ 2019లో 'మజిలీ'లో నాగచైతన్య స్నేహితుడు, మరుసటి ఏడాది 'కలర్ ఫొటో'కి హీరో. ఆ సినిమాకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. నేనింకా ఫ్రెండ్ వేషం దగ్గరే ఉన్నాను. కాకపోతే ఈ మధ్య నా ఫ్రెండ్‌కి ఓ పేరు పెడుతున్నారు. ఒక సినిమాలో ఇంటిపేరూ పెట్టారు!

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస వైపు. అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఊళ్లో పండక్కి పద్యనాటకం వేసేవాళ్లం. చివరి వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా వినబడాలని మా మాస్టారు పట్టుబట్టేవారు. గొంతు, చేతులు, కనుబొమలు అన్నీ ఆ కొలతకే పెరిగాయి. హైదరాబాద్ వచ్చాక వాటిని తగ్గించుకోవడమే పెద్ద చదువైంది. క్లోజప్‌లో కనుబొమ కాస్త కదిలినా తెర మీద జానెడు లేస్తుంది.

ఈ పనేమిటో తెలియాలంటే భోజనం సీను చూడాలి. హీరో, నేను మెస్‌లో తింటూ మాట్లాడుకుంటాం. తెర మీద నిమిషం ఉంటుంది, తీయడానికి సగం రోజు పడుతుంది. ముందు ఇద్దరినీ కలిపి మాస్టర్ షాట్. తర్వాత నా భుజం మీదుగా హీరో మీద సజెషన్, ఆయన భుజం మీదుగా నా మీద ఇంకొకటి, ఆపైన క్లోజులు. మాస్టర్‌లో ఏ మాట దగ్గర ముద్ద నోట్లో పెట్టానో అన్ని షాట్లలోనూ అక్కడే పెట్టాలి. గ్లాసు ఏ చేత్తో ఎత్తానో ఆ చేత్తోనే ఎత్తాలి. లేదంటే ఎడిటర్‌కి షాట్లు అతకవు. అప్పుడాయన హీరో ముఖం మీదే ఉండిపోతాడు. నా డైలాగు వినిపిస్తుంది, నేను కనిపించను. అందుకని డైలాగు పేపర్ మీద ముద్దకి చుక్క, నీళ్లకి గీత పెట్టుకుంటాను. ముద్ద చిన్నదిగా, తర్వాతి మాటలోపు మింగేంతగా ఉండాలి. పప్పన్నం కన్నా పెరుగన్నం తొందరగా దిగుతుంది. నాలుగో షాటుకి అన్నం చూస్తేనే విసుగొస్తుంది కానీ, ముఖం మాత్రం పొద్దుట్నుంచి తిండి లేనివాడిలా ఉండాలి. లంచ్ బ్రేక్ చెప్పగానే యూనిట్ అంతా లేస్తుంది. నేను లేవను.

నన్ను రెండోసారి పిలిచిన సినిమాలన్నీ ఈ లెక్క వల్లే వచ్చాయని నా నమ్మకం. బాగా ఏడ్చావని ఎవరూ పిలవలేదు. షాట్లు అతికాయని పిలిచారు.

మిగతా సగం పని డబ్బింగ్ థియేటర్లో. మెస్ గోలలో అన్న మాటని ఏసీ గదిలో ఒంటరిగా నిలబడి, షూటింగ్‌లో రికార్డయిన పైలట్ ట్రాక్ వింటూ, పెదాలకి సరిపోయేలా మళ్లీ చెప్పాలి. అదీ నోట్లో అన్నం ఉన్నట్టు. నేను బుగ్గలో బ్రెడ్ ముక్క పెట్టుకుంటాను. మొదట్లో నా వేషాలకి వేరేవాళ్లు గొంతిచ్చారు, నా యాస కుదరదని. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ ఊరివాళ్లే నటించారు, 2023లో 'బలగం' తెలంగాణ పల్లె మాటతో ఆడింది. ఇప్పుడు ఆడిషన్లో "మీ ఊరి మాటలోనే చెప్పు తమ్ముడూ" అంటున్నారు. సంతోషమే. అయినా శ్రీకాకుళం యాస అనగానే కామెడీ సీను కాగితమే చేతికిస్తారు. మా ఊళ్లో చావింట్లో ఏడ్చేవాళ్లు కూడా ఆ యాసలోనే ఏడుస్తారు కదా.

డబ్బు రోజు లెక్కన వస్తుంది. సినిమా ఆగిపోతే మిగిలిన రోజులూ ఆగిపోతాయి. షూటింగ్ లేని నెలల్లో కృష్ణానగర్ గది అద్దె కట్టేది వేరే భాషల సినిమాలకి చెప్పే డబ్బింగే. గుంపులో అరిచే గొంతులకి కూడా డబ్బిస్తారు. పద్యనాటకం అక్కడ బాగా పనికొచ్చింది.

సినిమా వేషాల కోసం బస్సెక్కబోతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. నిజమైన ఆడిషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు. రిజిస్ట్రేషన్ అనో, పోర్ట్‌ఫోలియో మేమే తీస్తామనో, వేషం ఖాయమనో ముందుగా డబ్బు అడిగితే ఆ ఆఫీసు మెట్లు వెంటనే దిగేయండి.