వాచీ గురించి ఒక దిద్దుబాటు



2010లో మందిరానికి స్లాబు వేసినప్పుడు మా ఆవిడ తన పెళ్లి వాచీని దేవుని పనికి సంతోషంగా ఇచ్చేసిందని మేము సాక్ష్యం చెప్పాము. మీలో చాలామంది విన్నారు. తరువాత కూడా కానుకల గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ మాట చెబుతూ వచ్చాము. అందులో ఒక ముక్క నిజం కాదు. అది దిద్దుకోవడానికి ఈ వారం ఇది రాస్తున్నాము.

ఆ వాచీ మా మామగారు పెట్టింది. ఆయన బడిపంతులు. 2004లో మా పెళ్లికి కూతురి చేతికి చిన్న హెచ్.ఎం.టి. వాచీ కట్టారు. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకోవాల్సిన రకం. మా ఆవిడ పొయ్యి వెలిగించకముందే కీ ఇచ్చేది. స్లాబు రోజున రెండు బస్తాల సిమెంటు తక్కువ పడింది. మేస్త్రీ కేకలేస్తున్నాడు. మేము ఇంట్లోకి వెళ్లి, గూట్లో ఉన్న వాచీ తీసుకెళ్లి ఐదు వందలకు అమ్మేశాము. ఆవిడ అప్పుడు కూలీలకు వంట చేస్తోంది. అడగలేదు. సాయంత్రం చెప్పాము. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడానికి 'సంతోషంగా' అన్న మాట తగిలించింది మేమే.

ఇక రెండో వాచీ సంగతి. 2024 మే నెలకు మా పెళ్లయి 20 ఏళ్లు. ఆవిడకొక మంచి వాచీ కొనాలనుకున్నాము. మన కోనసీమలో మంచి వాచీ అంటే మీకు తెలుసు, రాడోనే. కువైట్, దుబాయ్ వెళ్లొచ్చిన వాళ్ల చేతులకు చూసి చూసి ఆ పేరు మన నోళ్లలో పడిపోయింది. 1962లో వచ్చిన డయాస్టార్ అనే మోడలు గీతలు పడని గట్టి లోహంతో చేసింది. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. కొత్తది లక్ష దాటుతుంది కాబట్టి పాతదే చూశాము. హెచ్.ఎం.టి. వాచీయే వెతకవచ్చు కదా అంటే, వెతకవచ్చు. పాస్టరమ్మగారి చేతికి నలుగురికీ కనబడేది ఉండాలన్న కోరిక కూడా మాలో ఉంది. దాచి లాభం లేదు.

డబ్బు మేమిద్దరం కలిసి కడుతున్న చీటీది. నెలకు వెయ్యి చొప్పున 15 నెలలు. పాట మాకు వచ్చిన రోజున, ఇంకా రాలేదని ఆవిడతో చెప్పాము. బహుమానం కదా, చెబితే ఏం బాగుంటుందని మా మనసుకు మేమే సర్దిచెప్పుకున్నాము. పట్నంలో ఒక దుకాణంలో 14,000 చెప్పి 12,500కి ఇచ్చారు. కాగితం లేదు, పెట్టె లేదు. వాచీ తళతళలాడుతోంది. పాత వాచీ ముఖం అంత కొత్తగా ఎందుకుందని మాకు తోచలేదు.

నాలుగు రోజులు బీరువాలో బట్టల కింద దాచాము. తీసి చూస్తే ఆగిపోయి ఉంది. అది చేతి కదలికతో కీ ఎక్కే వాచీ. కట్టుకోకుండా పెడితే ఒకటిన్నర రోజులో ఆగుతుందని మాకు తెలియదు. కంగారుగా అమలాపురంలో వాచీలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరకు తీసుకెళ్లాము. ఆయన కంటికి అద్దం పెట్టుకుని ముందు పైన ఉన్న చిన్న లంగరు బొమ్మను చూశారు. పాత రాడోల్లో ఎర్రరాయి మీద ఆ లంగరు ఉంటుంది. వాచీని అటూ ఇటూ వంచితే అది ఊగుతూ తిరగాలి. మాది కదల్లేదు. తరువాత ఆరు అంకె కింద ఉండే 'స్విస్ మేడ్' అక్షరాలు చూపించారు. ఒకటి లావు, ఒకటి సన్నం. వెనక మూత తీశారు.

"మిషను అసలుదే పాస్టరుగారూ. ముఖానికే మళ్లీ రంగేశారు. కొనక మునుపు ఒకసారి తీసుకొస్తే పోయేదిగా."

లోపల మంచిదై పైన రంగు పూసుకున్నది మాకు అరుదుగా తగులుతుంది. మనుషుల్లో ఎక్కువగా రెండో రకమే చూస్తుంటాము. దుకాణానికి ఫోన్ చేస్తే అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబోమన్నారు. ముసలాయన 1,800 తీసుకుని అంతా కడిగి, నూనె వేసి, లంగరు కింద పేరుకున్న మురికి తీశారు. ఇప్పుడది తిరుగుతోంది. మీలో ఎవరైనా పాతది కొంటుంటే ఆయన మాట వినండి. మూత తీసి చూపించని వాడి దగ్గర కొనకండి, ముఖం మరీ కొత్తగా ఉంటే అనుమానపడండి, బాగుచేయించే ఖర్చు ధరలో కలుపుకోండి.

ఆ దుకాణంలో మమ్మల్ని చూసినవాళ్లు ఊళ్లో చెప్పారు. అయ్యగారు రాడో కొన్నారంట, ఏ డబ్బో అని. పెద్దల దగ్గర చీటీ పుస్తకం పెట్టి చూపించాము. అది తేలికగానే అయిపోయింది. ఇంట్లో తేలిక కాలేదు.

పెళ్లిరోజున వాచీ చేతిలో పెడితే మా ఆవిడ తిప్పి చూసి, "ఎంతయింది?" అంది. చెప్పాము. "పాట రాలేదన్నారుగా?" అంది. అదీ చెప్పాము. చాలాసేపు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

"అప్పుడూ నన్నడగలేదు. ఇప్పుడూ అడగలేదు," అంది. "ఆ డబ్బు చిన్నదాని కాలేజీకి అనుకున్నాను. నాన్న కట్టిన వాచీ గుళ్లోకి పోయిందని నాకు బాధ లేదండీ. అడిగుంటే నేనే తీసి ఇద్దును. మీరు పైన నిలబడి నేను సంతోషంగా ఇచ్చానని చెప్పిన ప్రతిసారీ తల దించుకునే దాన్ని, చూశారా ఎప్పుడైనా?"

చూశాము. వినయం అనుకున్నాము.

ఆ సాక్ష్యం విని అప్పట్లో ఇద్దరు సహోదరీలు చెవిదిద్దులు తీసి కానుకల పెట్టెలో వేశారు. మమ్మల్ని నిద్రపట్టనివ్వనిది అదే. ఒకరు ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు. రెండో ఆమె ఇంటికి మేమిద్దరం కలిసి వెళ్లి జరిగింది చెప్పాము. ఆమె తాటాకు చాప వేసి కూర్చోబెట్టి, "నేనేమైనా అమ్మగారికిచ్చానా అయ్యగారూ దిద్దులు?" అని నవ్వింది. తరువాత మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "అడగకుండా తీశారా?" అని మెల్లగా అడిగింది. ఆ రెండో మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

వాచీ అమ్మేద్దామా అని అడిగాము. రంగేసిన ముఖానికి ఎంతొస్తుందిలెమ్మంది. కాలేజీ ఫీజుకు కొత్త చీటీ వేశాము. దాని పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది. వాచీ ఇంట్లో పని చేసుకునేటప్పుడు కట్టుకుంటోంది, ఆదివారం గూట్లో పెడుతోంది. ఎందుకని అడగలేదు. రోజుకు నాలుగైదు నిమిషాలు ముందుకు పోతోంది, మళ్లీ అమలాపురం తీసుకెళ్లాలి. ఎప్పుడు వెళదామని అడిగితే, కోతలు అవ్వనివ్వండి అంది.