సీసా చెప్పిన అబద్ధం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో కోసిన ద్రాక్ష... దాంతో చేసిన వైన్ అంటే సంపన్నులకు మహా మోజు. 2008 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో జరిగిన వేలానికి అలాంటి సీసాలే వచ్చాయి. 1945 నుంచి 1971 దాకా వేర్వేరు సంవత్సరాలవి. వాటి మీద ఫ్రాన్స్‌కు చెందిన పోన్సో కుటుంబం పేరు, 'క్లో సాన్ దెనీ' అనే ద్రాక్షతోట పేరు ఉన్నాయి. సంగతి తెలిసి లోరాన్ పోన్సో బర్గండీ నుంచి రెక్కలు కట్టుకుని వాలారు. అమ్మకం ఆగిపోయింది. ఎందుకంటే, ఆ పేరుతో వాళ్లు వైన్ చేయడం మొదలుపెట్టిందే 1982లో!

ఆ సీసాలు తెచ్చినవాడు రూడీ కుర్నియావాన్, ఇండొనేసియా యువకుడు. 2012లో కాలిఫోర్నియాలోని అతడి ఇంట్లో ఎఫ్‌బీఐకి ఖాళీ సీసాలు, బిరడాలు, వేలకొద్దీ లేబుళ్లు దొరికాయి. 2014లో పదేళ్ల జైలుశిక్ష పడింది.

విచిత్రమేమిటంటే, అతడు పోసింది నీళ్లూ కాదు, విషమూ కాదు. తక్కువ ధర వైన్లనే పాళ్లు చూసి కలిపాడు. తాగినవాళ్లు లొట్టలేశారు. మనకు కల్తీ అంటే ప్రాణభయం. మిథనాల్ కలిసిన సారా చూపు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. ఇది అలాంటిది కాదు, వట్టి నకిలీ. మరి తాగేవాడికి వచ్చిన నష్టమేమిటి?

2008లోనే కాలిఫోర్నియా పరిశోధకులు కొందరికి ఒకే వైన్‌ను రెండు ధరలు చెప్పి రుచి చూపించారు. పది డాలర్లని చెప్పినప్పటికన్నా తొంభై డాలర్లని చెప్పినప్పుడే బాగుందన్నారు. మెదడులో ఆనందానికి సంబంధించిన భాగమూ ఎక్కువ స్పందించింది. అంటే, నిజం తెలియనంత వరకూ ఆనందం నిజమే!

తెలిశాకే చిక్కు. అమ్మమ్మ పెళ్లినాటి పట్టుచీర అని అపురూపంగా దాచుకున్నది నిన్నమొన్న నేసిందని తేలితే... జరీ తగ్గదు, రంగు తగ్గదు. అయినా మనసు చివుక్కుమంటుంది. దాచుకున్నది చీరను కాదుగా, అమ్మమ్మను! పాత వైన్ కొనేవాడూ అంతే. ఆ ఏటి ఎండనూ వాననూ కొనుక్కుంటాడు. పైగా ఒక్క నకిలీ బయటపడితే చాలు, పక్కనున్న అసలు సీసానూ అనుమానంగానే చూడాలి.

రూడీ సరుకులో అసలువని తేలినవాటిని 2015లో అమెరికా ప్రభుత్వం వేలం వేసింది. ఐదొందలకు పైగా నకిలీ సీసాలను టెక్సాస్‌లో ధ్వంసం చేయించింది. వాటిలో రుచికి తీసిపోనివీ ఉండే ఉంటాయి. అయినా ఎవరూ ఒక్క గ్లాసూ అడ్డం పెట్టలేదు.