గోడకి చెవులున్న కాపురం

ఇంటివాళ్లు దాన్ని వాటా అనేవారు. బెజవాడ సత్యనారాయణపురంలో ఒక్క కుటుంబం కోసం కట్టుకున్న పెంకుటిల్లు, పిల్లలు ఉద్యోగాలకి తలో ఊరూ వెళ్లిపోయాక మూడు భాగాలైతే, 1975లో కొత్త కాపురానికని మాకు దొరికింది అందులో మధ్య భాగం. ఒక గది, దాని వెనక తడిక కట్టి వంటకని విడదీసిన వరండా ముక్క, పెరట్లో అందరికీ కలిపి ఒక బావి, ఒక కుళాయి, చివరన ఒక దొడ్డి. మా గదికీ ఇంటివాళ్ల పడగ్గదికీ మధ్య గోడ పైకప్పు దాకా వెళ్లేది కాదు, గాలాడాలని దూలం కింద మూరెడు ఖాళీ వదిలారు, ఆ ఖాళీలోంచి పొద్దున్నే రేడియోలో భక్తిరంజనీ, ఇంటాయన దగ్గూ, రాత్రిళ్లు అమృతాంజనం వాసనా మావైపు వచ్చేవి, మావైపు నించి అటు ఏమేం వెళ్లేవో తలుచుకోకుండా ఉండటానికి ఇద్దరం శాయశక్తులా ప్రయత్నించేవాళ్లం. తలుపుంది, తలుపుకి గడియా ఉంది. చాటు మాత్రం లేదు.

అత్తవారిచ్చిన పట్టెమంచం కదిలితే కిర్రుమనేది. కొబ్బరినూనె పోసి చూశాం, కీళ్లలో గుడ్డపీలికలు కుక్కి చూశాం, ఆఖరికి దానిమీద ట్రంకుపెట్టె, హోల్డాలు, చలికాలం దుప్పట్లూ సర్దేసి మేం కింద చాప మీదకి దిగిపోయాం. చూడ్డానికొచ్చిన చుట్టాలు మంచం మీద సామాను పెట్టుకున్నారేమిటర్రా అని విసుక్కునేవారు, నడుంనొప్పి అని చెప్పేవాణ్ణి, పాతికేళ్లు నిండీనిండని వాడికి నడుంనొప్పేమిటని ఎవరూ అడగలేదు. బహుశా అందరికీ ఇంట్లో ఒక మంచం ఉండే ఉంటుంది. గోడవారగా బల్ల మీద స్టీలు గిన్నెలు బోర్లించి ఉండేవి, ప్రతిదాని మీదా మా ఇద్దరి పేర్లూ, పెళ్లి తారీఖూ చుక్కలు చుక్కలుగా కొట్టించి. అంట్లు తోమిన చోటల్లా పేర్లు తళతళలాడేవి కానీ, ఆవిడ నన్ను ఏవండీ అనీ, నేనావిడని ఇదిగో అనీ తప్ప పిలుచుకున్నది లేదు. ఆ పెళ్లిలో కట్నం కూడా చేతులు మారింది, 1961 నించీ చట్టం వద్దంటున్నా సరే. గిన్నెల మీద అన్నీ చెక్కించారు, ఆ లెక్కొక్కటీ ఎక్కడా చెక్కించలేదు.

మాకు చాటిచ్చింది పంపు స్టవ్. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్లు, మంట మొరాయిస్తే బర్నరు బెజ్జంలో పొడవడానికి రేకు పట్టీకి బిగించిన సన్నటి పిన్ను. కప్పులో కాస్త కిరసనాయిలు పోసి వెలిగించి, బర్నరు వేడెక్కేదాకా పచ్చటి మంట మసి కక్కుతుంటే ఓపిక పట్టి, అప్పుడు గాలి కొడితే గురగురమని మొదలై, నీలిమంట నిలదొక్కుకునేసరికి హోరు అందుకునేది. ఆ హోరున్నంతసేపూ మా మాట గోడ దాటదు. అందుకని కాఫీ కాచే వేళకి నేను పనేమీ లేకపోయినా పీట వేసుకుని దాని పక్కన చేరేవాణ్ణి. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పుకోదగ్గవేమీ కావు. మా చెల్లెలి సంబంధం సంగతి, జీతంలో ఊరికి ఎంత పంపాలన్న లెక్క, మా అమ్మ అన్న మాటొకటి ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోవడం, నిన్న రాత్రి వచ్చిన కల. పాలు పొంగి, దించేశాక కూడా ఓ నిమిషం స్టవ్ ఆర్పేది కాదు. కిరసనాయిలు రేషన్‌కార్డు మీద కొలిచి పోసే రోజుల్లో మేం చేసిన దుబారా అంతకు మించి లేదు.

ఆ స్టవ్‌ని తలుచుకుని మురిసిపోతే మాత్రం అన్యాయమే. ఆ కాఫీ తాగుతూ విప్పిన పేపర్లోనే లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త ఉండేది, స్టవ్ పేలి నవవధువు మృతి అని. ఊరు మారేది, వయసు ఒకటీ అరా మారేది, మిగతాదంతా అదే. స్టవ్‌లు ఎప్పుడూ కోడళ్ల దగ్గరే పేలేవి, అత్తగారి దగ్గర పేలినట్టు చదివిన గుర్తు నాకైతే లేదు. ఆ మర్మం చట్టానికి తలకెక్కడానికి చాలాకాలం పట్టింది. భర్తా, అత్తవారూ పెట్టే హింస నేరమని చెప్పే 498ఎ సెక్షను 1983లో వచ్చింది. కట్నం కోసం వేధింపులకి గురై, పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిపోయో మరోలా అసహజంగానో చనిపోతే దాన్ని వరకట్న మరణంగా చూడమనే 304బి 1986లో వచ్చింది. మా ఆవిడ ఆ వార్తలు చదివి ఏమీ అనేది కాదు. పేపరు మడిచి పక్కన పెట్టి, వాషరు పోయినట్టుంది, సాయంత్రం మార్పించుకు రండి అనేది.

నెలకి మూడు రోజులు ఆవిడ చాప, చెంబు, కంచం విడిగా పెట్టుకుని వరండా చివర కూర్చునేది, వంట నాది. ఆవకాయ జాడీ దరిదాపులకి రాకూడదు, బావి గట్టు ఎక్కకూడదు, వెనక్కి తిరిగి చూసుకుంటే ఇందులో ఏ ముక్కనీ ముద్దు చేసి చెప్పబుద్ధి కాదు. నేను బావి దగ్గర బియ్యం కడుగుతూ కనిపించానంటే ఇంటివాళ్ల పిన్నిగారికి మా నెల లెక్క చేరిపోయినట్టే. ఏ నెలైనా కనిపించడం ఆలస్యమైతే ఆవిడ గొంతులోకి తేనె వచ్చి, ఏమ్మాయ్, విశేషమేమైనా ఉందా అని ఆరా మొదలయ్యేది. వీధిలో చెయ్యి పట్టుకుని నడవడానికి వీల్లేని మా సంసారం గురించి ఊళ్లో గోడలన్నీ మాట్లాడేవి, ఎక్కడ చూసినా తలకిందులు ఎర్ర త్రికోణం. 1968 నించీ నిరోధ్‌ని ప్రభుత్వమే తక్కువ ధరకి కిరాణా కొట్ల దాకా చేర్చింది. చేర్చిందిగానీ, ఆ కొట్టువాడు ఇంటాయనకి చదరంగం జోడీ అయితే ఏం చెయ్యాలో ఏ ప్రకటనలోనూ రాయలేదు. రిక్షా కట్టించుకుని గాంధీనగరం పోయేవాణ్ణి. సినిమాకని చెప్పి.

ఆషాఢం వస్తోందనగా మా ఆవిడని వాళ్ల అన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు. ఆ నెల అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదని, అల్లుడు అత్తారింట అడుగు పెట్టకూడదని పెద్దల కట్టడి. ఆషాఢంలో కడుపు పండితే నడివేసవిలో పురుడొస్తుందని ఒకరు, నాట్ల వేళ కుర్రాళ్లు పొలం వదిలి అత్తారిళ్ల చుట్టూ తిరుగుతారని ఒకరు కారణాలు చెప్పేవారు. నాకు పొలమూ లేదు, మా అమ్మ ఉండేది వేరే ఊళ్లో. అయినా పంపించాం. ఇక మిగిలింది ఇన్‌లాండ్ కవరు. ఆ ఇంటికి వచ్చిన ఉత్తరం మామగారు విప్పి, అత్తగారికి వినిపించి, ఆపైన మా ఆవిడ చేతికిచ్చేవారు, అది తప్పని వాళ్లకీ తోచలేదు, మాకూ తోచలేదు. అందుకని కవరు లోపలంతా కుళాయిలో నీళ్లు సరిగ్గా రావడంలేదనీ, పాలవాడు నీళ్లు కలుపుతున్నాడనీ రాసి, జిగురు పూసిన అంచు కింద, మడతలో దాక్కునే ఆ వేలెడు జాగాలో, బియ్యపు గింజలంత అక్షరాలతో అసలు ఉత్తరం రాసేవాణ్ణి. జవాబు అదే చోట వచ్చేది, ఓసారి గోరింటాకు మరకతో, చదవడానికి రెండక్షరాలు మింగేసి. అవేమిటో అడగాలనుకుంటూనే ఉండిపోయాను.

శ్రావణం రాగానే మంగళవారాల నోము, పెళ్లయిన మొదలు అయిదేళ్లు. మొదటి ఏడు పుట్టింట్లో, ఆపైన మా వాటాలో. గౌరికి పూజ చేసి, కథ చదువుతున్నంతసేపూ నేతిదీపం మంటకి అట్లకాడ అడ్డం పెట్టి దానికి పట్టిన కాటుకని కళ్లకి దిద్దుకుని, పిలిచిన ముత్తైదువలకి నానబోసిన శెనగలు, తాంబూలం వాయనమిచ్చి, మళ్లీ వాళ్లిళ్లలో వాయనాలకి వెళ్లి అక్కణ్ణించి అంతకంత శెనగలు తెచ్చుకునేది. వీధిలో కొత్త కోడళ్లందరూ ఒకరి శెనగలు ఒకరికిచ్చుకుంటే చివరికి ఎవరింట్లో చూసినా శెనగలే. సాతాళించి, వడలు వేసి, వంకాయలో కలిపి, పులుసులో పడేసి, ఇంకా మిగిలితే ఎండబెట్టి. నోము భర్త ఆయుష్షు కోసం కదా, ఆ భర్త చెయ్యాల్సిన పనల్లా శుక్రవారం దాకా ఆ శెనగలు తినడం. అట్లతద్దికైతే తెల్లవారకముందే లేచి గోంగూరపచ్చడి, ఉల్లిపాయపులుసు, గడ్డపెరుగుతో అన్నం తిని, పెరటి వేపచెట్టుకి వేసిన ఉయ్యాల ఊగి, ఇక చంద్రుడొచ్చేదాకా పస్తు. ఆ చీకట్లో పక్కవాటా పిల్లలతో కలిసి ఆవిడ గట్టిగా నవ్వడం గోడకివతల నించి విన్నాను. నా దగ్గర ఎప్పుడూ అంత గట్టిగా నవ్వలేదు, నవ్వితే వినపడుతుంది కాబట్టి.

సంక్రాంతికి వాళ్లూరు. రాజోలు దగ్గర, కొబ్బరితోటల్లో. నర్సాపురం వెళ్లే పాసింజరు మా వీధి వెనకనించే పోయేది, గిన్నెలు గలగలమనేవి, ఆ రైలు వెళ్లినప్పుడల్లా ఆవిడ చేస్తున్న పని ఓ క్షణం ఆపేది. పండక్కి అదే రైలెక్కేవాళ్లం, హోల్డాలు, ట్రంకుపెట్టె, మంచినీళ్ల మరచెంబు, అరిటాకులో కట్టిన పులిహోరతో. బొగ్గింజను. కిటికీ దగ్గర కూర్చుంటే గుడివాడ చేరేలోపు కంట్లో నలుసు పడాల్సిందే, పడితే ఆవిడ చీరచెంగు ముడిచి, నోటి ఆవిరితో వెచ్చచేసి నా కంటికి అద్దేది. పదిమంది చూస్తుండగా భార్య మొగుణ్ణి తాకినా ఎవరూ ముఖం తిప్పుకోని సందర్భం నాకు తెలిసి అదొక్కటే. రైల్లోంచి తల బయటికి పెట్టొద్దని ఆవిడ చెప్తూనే ఉండేది, నేను పెడుతూనే ఉండేవాణ్ణి. కైకలూరు, ఆకివీడు దాటుతుంటే అటూ ఇటూ కోసిన వరిచేలు, కుప్పల మీద కొంగలు, గాలిలో కొల్లేటి పచ్చివాసన. ఇప్పుడు ఆ దారిలో చాలామటుకు చేపల చెరువులే, ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి, వరి పండించి అప్పులు తీర్చలేని రైతు చెరువు తవ్వుకుంటే తప్పనడానికి నేనెవరిని. నర్సాపురంలో దిగి, మాధవాయిపాలెం రేవులో పంటెక్కి, సైకిళ్లు, గేదెదూడలు, గంపలతో పాటు వశిష్ఠ దాటి, సఖినేటిపల్లిలో బస్సు కోసం పడిగాపులు.

చేరాక ఆవిడ నాకు కనిపించేది కాదు. గోదావరి జిల్లాలో కొత్తల్లుడికి అరిసెలకి, పోకుండలకి, పూతరేకులకి లోటుండదు, పెళ్లాంతో ఒక్క మాటకే లోటు. నన్ను బావమరుదులు కోడిపందేలకి లాక్కుపోయేవారు, ఆవిడని వంటింటి చీకటి మింగేసేది. మూడు రోజులకి ఆ వాటా మీద, దాని మూరెడు ఖాళీ మీద, బెంగ పట్టుకునేది.

గ్యాసు 80ల్లో వచ్చింది, ఏళ్ల తరబడి వరస కట్టాక. మొదటి సాయంత్రం పిన్నిగారితో సహా అందరూ చుట్టూ నిలబడి చూశారు, బొట్టు పెట్టి వెలిగించింది, నీలిమంట పువ్వులా విచ్చుకుంది, చప్పుడే లేదు. మర్నాడు పొద్దున్న అలవాటుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, నోరు తెరిచి, మూసుకున్నాం. మసి లేదు, పిన్ను లేదు, చీర కొంగంటుకుంటుందన్న భయం లేదు, ఆవిడ చేతి గోళ్ల సందుల్లో నలుపు నెల తిరక్కుండా పోయింది. ఆ తర్వాత రెండు గదుల ఇల్లు, ఆపైన గోడలు శ్లాబు దాకా వెళ్లే ఫ్లాటు. చప్పుడు అక్కర్లేకుండా ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు కనక, రేపు చెప్పుకుందాంలే అనడం కూడా మాకు ఆ ఫ్లాటులోనే అలవాటైంది. సత్యనారాయణపురంలో పట్టాలు తీసేసి అదే దారిన బీఆర్టీఎస్ రోడ్డు వేశారు, సాయంత్రాలు అక్కడ బళ్ల దగ్గర కుర్ర జంటలు ఒకే ప్లేటులో మిర్చిబజ్జీ తింటుంటారు, ఎవరూ చూడరు. నేనే, వయసుమళ్లినవాణ్ణి, చూస్తాను.

రాజోలు ఇప్పుడు కారులో వెళ్తాం, చించినాడ వంతెన మీంచి. గోదావరి దాటుతున్నామని లేపుతాను, ఆవిడ లేవదు. పంటు సంగతెత్తితే, ఒళ్లో చంటిదాన్ని, చంకలో పాలసీసాల సంచినీ పెట్టుకుని ఆ బల్ల మీద నడిచి ఎక్కింది నేను, మీరు నది చూస్తూ నిలబడ్డారు అంటుంది. నిజమే. నేను నదిని చూశాను కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను, ఆవిడ రాస్తే వేరే వ్యాసమయ్యేది, బహుశా నా ఊసు ఇంత తరచుగా వచ్చేది కాదు.

మనవరాలికి కిందటేడు పెళ్లయింది, డాలస్‌లో ఉంటారు. శ్రావణంలో ఆఫీసు నించొచ్చి మంగళవారం రాత్రి నోము చేసుకుంది, కథ ఫోన్లో పెట్టుకుని, అట్లకాడ నాన్‌స్టిక్‌ది కాబట్టి కాటుక చెంచాకి పట్టి. వాళ్లాయన్ని పేరు పెట్టే పిలుస్తుంది, వినడానికి బాగుంటుంది. మర్నాడు వీడియోలో ఓ గిన్నె కెమెరాకి దగ్గరగా పెట్టి, వాయనం శెనగలు బోలెడు మిగిలిపోయాయి అమ్మమ్మా, ఉడకబెట్టి రుబ్బి హమ్మస్ చేసేశాను అంది. మా ఆవిడ కళ్లజోడు తుడుచుకుని గిన్నెలోకి తొంగిచూసింది.

"పోపు పెట్టావుటే?"

"దీనికి పోపుండదమ్మమ్మా."

"పోపు లేకుండా ఎలా తింటారే!"

వెనకెక్కణ్ణించో మనవడల్లుడి గొంతు, నిండు నోటితో: "నిన్నట్నించీ తింటూనే ఉన్నానండీ అమ్మమ్మగారూ, ఇంకా రెండు డబ్బాలున్నాయి."