నాకు తగ్గ నౌకరి

ఎవరి స్వభావానికి తగ్గ పని వాళ్ళు వెతుక్కోవాలని ఇవాళ కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో పిల్లలకు చెప్తున్నారు. ఒక కాగితం ఇస్తారు. నలుగురితో మాట్లాడడం ఇష్టమా, ఒంటరిగా కూచోవడం ఇష్టమా అని అడుగుతారు. టిక్కులు పెట్టినంక ఫలానా ఉద్యోగం నీకు సరిపోతుందని తేలుస్తారు. మంచిదే. కాని మా వాడల్లో ఈ మాట అంత సులువుగా చెవికెక్కదు. 'నీకు తగిన పని' అనే మాట మాకు కొత్తది కాదు గనక. గుణం, కర్మ అని పేరు పెట్టి, పుట్టకముందే మా చేతికి పని ఇచ్చిన దేశం ఇది. మమ్మల్ని ఏ కాగితమూ నింపమనలేదు. అయ్య పేరు, వాడ పేరు అడిగితే సరిపోయింది.

అందుకే నా నౌకరి సంగతి రాస్తున్నా. అది గొప్ప నౌకరేం కాదు. కాని నేను ఎంచుకున్న నౌకరి.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో. దాని పాత పేరు నాగన్నకుంట. 1933లో సేఠ్ బన్సీలాల్ డబ్బుతో బస్తీని కొత్తగా కట్టినంక ఆయన పేరు నిలిచింది. ఒకదిక్కు బోయిగూడ కట్టెల డిపోలు, ఒకదిక్కు భోలక్‌పూర్ తోళ్ళు, పాత ఇనుము గోదాములు, ఇంకోదిక్కు పద్మారావునగర్ మేడలు. కొంచెం దూరంలో మోండా మార్కెట్, రైల్వే స్టేషన్. ఈ దిక్కులన్నిటికీ మా బస్తీ నుంచి మనుషులు పోయేవాళ్ళు. మొగోళ్ళు మూటలు మోయడానికి, దుంగలు దించడానికి. ఆడోళ్ళు ఊడ్వడానికి, బోళ్ళు తోమడానికి.

మాకు ఏ పనీ రాదనే అనుకుంటూ పెరిగాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది. మా పక్కింటి హమాలి పెదనాయిన బస్తా భుజానికెత్తుకుంటే చాలు, తూకం ఎంత తక్కువుందో చెప్పేవాడు. కాంటా మీద పెట్టి చూస్తే కిలో అటో ఇటో, అంతే. ఎదురింటి అవ్వ బస్తీలో సగంమందికి పురుడు పోసింది. మా చిన్నమ్మకు అక్షరం రాదు. మోండాలో గంపెడు కూరగాయలు కొంటే ఎంత వాడిపోతుందో, ఎంతకు అమ్మితే ఎంత మిగులుతుందో నోటితోనే లెక్క కట్టేది. సేఠ్ లెక్క కడితే తెలివి, మా చిన్నమ్మ లెక్క కడితే గయ్యాళితనం. మా చేతుల్లో ఉన్నంత సేపు ఏ విద్యా విద్య కాదు.

మా నాయిన ఒక సర్కారు ఆఫీసులో స్వీపరు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అక్కర్లేదు, అట్లాంటివి చాలా ఉన్నాయి. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో గుమస్తాలు ఆయన్నే అడిగేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు చేసిండు. అటెండరు పని ఇస్తమని ఒక్కనాడు ఎవరూ అనలేదు. టీబీ పట్టింది. మందులు మూడు నెలలు మింగిండు. దగ్గు తగ్గింది, ఒంట్లో సత్తువ వచ్చింది, నయమైందనుకొని ఆపేసిండు. పూర్తిగా మింగాలని ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పిన మనిషి లేడు. 1987లో చనిపోయాడు.

ఏడాది తిరిగినంక ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. చనిపోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికి నౌకరి ఇస్తారు. నేను ఇంటర్ పాసై, ఇంగ్లీషు టైపు లోయర్ పూర్తి చేసి ఉన్నాను. అదే కాలంలో అక్కడే చనిపోయిన ఒక గుమస్తా కొడుకుదీ ఇంటరే. అతనికి కుర్చీ దొరికింది. ఆఫీసరు నా సర్టిఫికెట్లు తిరగేసి, "మీ నాయన పోస్టు ఖాళీగా ఉందమ్మా. మీకు అలవాటైన పనే కదా" అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తిట్టినోడితో కొట్లాడొచ్చు. నా మేలు కోరి చీపురు అందిస్తున్నవాడితో ఎట్ల కొట్లాడాలె?

ఇంట్లో నా వెనక ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లె. "సర్కారు నౌకరి, నెల పడితే తన్ఖా, ముసలితనంల పింఛను, వద్దంటవా పిల్లా?" అని బస్తీ పెద్దలు నచ్చజెప్పారు. వాళ్ళది తప్పనను. ఆకలి తెలిసినోళ్ళు. ఆ రాత్రి మా అమ్మ ఒక్క మాటే అన్నది. "నువ్వు పట్టుకుంటే రేపు నీ బిడ్డ చేతికి గూడ అదే వస్తది. నేను పట్టుకుంట. నాతోనే బందైతది." తెల్లారి పోయి ఆ పోస్టుకు తన పేరు రాయించుకున్నది. మా అమ్మ వేలిముద్ర నా టైపు సర్టిఫికెట్ కన్నా గట్టిది.

చీపురంటే నాకు అసహ్యం లేదు. దానితోనే మేం బతికాం. చీపురును మాకే పుట్టుమచ్చ చేసినోళ్ళ మీదనే నా కోపం. 1990లో మండల్ రిజర్వేషన్లకు వ్యతిరేకంగా అగ్రవర్ణ విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు. నిరసన అంటూ రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. పేపర్లు ఫొటోలు వేశాయి. మా అమ్మ ఆ ఫొటో చూసి, "వీళ్ళకు ఇయ్యాల ఒక్క పూటనే ఇంత బాధైతే, మనది ఎన్ని పూటలాయె?" అన్నది. వాళ్ళకు అవమానమైన పని మాకు 'అలవాటైన పని' ఎట్లైంది? బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో దీన్ని విప్పి చూపారు. కులం పనిని విభజించడంతో ఆగలేదు, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడగొట్టిందన్నారు. మనిషికి ఏది చేతనవును, ఏది ఇష్టం అని చూసి పంచిన పనులు కావివి. ఇష్టంలేని పనిలో మనసు ఉండదు, మనసు లేని చోట నేర్పు పెరగదు. ఆ నష్టం మాది మాత్రమే కాదు, దేశానిది కూడా.

అమ్మ నాకు సంపాదించి పెట్టిన కాలాన్ని వెతుకులాటకు వాడుకున్నాను. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీలో పేరు రాయించి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ తిరిగాను. ఒక బట్టల దుకాణంలో నెల చేశాను. ఎక్కడుంటవని అడిగిన నాటి నుంచి నన్ను కౌంటర్ నుంచి తీసి వెనక గోదాములో బట్టలు మడత పెట్టే పనికి వేశారు. బస్తీలో కొందరు, "పద్మారావునగర్ అని చెప్పుకోరాదె" అని సలహా ఇచ్చేవాళ్ళు. చాలామంది అట్లనే చెప్పేవాళ్ళు. నేను బన్సీలాల్‌పేట్ అనే రాశాను. అడ్రసు దాచి తెచ్చుకున్న నౌకరిలో రోజూ భయపడుతూ కూచోవాలె. అది నా స్వభావానికి పడదు.

మరి నా స్వభావం ఏంది? ఇంట్లో నన్ను రెండు తిట్లు తిట్టేవాళ్ళు. ఒకటి, దీనికి నోరెక్కువ. రెండు, దీని కాలు ఇంట్ల నిలువదు. రోజూ చేసే పనులేందంటే, బస్తీ వాళ్ళకు ఉత్తరాలు చదివి పెట్టడం, రేషన్ కార్డుకు, వితంతు పింఛనుకు అర్జీలు రాయడం, జ్వరమొచ్చినోళ్ళను గాంధీ దవాఖానకు తీసుకపోవడం. అప్పుడు గాంధీ సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది, 2003లో ముషీరాబాద్‌కు మారింది. ఏ గదిలో చిట్టీ రాస్తారు, ఏ కిటికీ దగ్గర మందులిస్తారు, ఎవరితో ఉర్దూలో మాట్లాడాలె, ఎవరితో తెలుగులో, అన్నీ తెలుసు. రక్తం చూసినా, కళ్ళె చూసినా నాకు వెగటు లేదు. నాయిన కళ్ళె గిన్నె కడిగిన చేతులివి. ఇవన్నీ అర్జీలో రాసే అర్హతలని నాకు అప్పటికి తోచలేదు.

1997లో కేంద్ర ప్రభుత్వం క్షయ నివారణ కార్యక్రమాన్ని సవరించి డాట్స్ పద్ధతి పెట్టింది. మందులు చేతికిచ్చి పంపడం కాదు, రోగి మింగుతుంటే ఒక మనిషి ఎదురుగా ఉండి చూడాలి. మొదట్లో వారానికి మూడుసార్లు, మామూలు రోగికి కనీసం ఆరు నెలలు. ఒక్కో రోగి పేరు మీద ఒక్కో మందుల డబ్బా. మరుసటి ఏడాది ఒక సంస్థ మా బస్తీల్లో తిరగడానికి మనుషుల్ని అడిగింది. ఇంటర్వ్యూలో డిగ్రీ ఉన్నవాళ్ళే ఎక్కువ. నన్ను ఒక డాక్టరమ్మ, "మందులు ఆపేసినవాడిని ఎట్లా వెతుకుతావు?" అని అడిగింది. "ఇంటి నంబరుతో దొరకడమ్మా. కల్లు కాంపౌండు కాడ, కట్టెల డిపో కాడ, వాళ్ళ అత్తగారింటి కాడ అడగాలె. టీబీ అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. బాకీ ఇయ్యాలని చెప్పి వెతకాలె" అన్నాను. ఆమె నవ్వి పేరు రాసుకున్నది.

నోరెక్కువ, కాలు నిలువదు. ఆ రెండు తిట్లకే తన్ఖా వచ్చింది.

ఈ పనిలో పుస్తకంలో లేని సంగతులు చాలా ఉంటాయి. రిఫాంపిసిన్ మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మందు మానేస్తారు. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. మా నాయిన ఆపేసింది కూడా అట్లా తగ్గినంకనే. మధ్యలో ఆపితే క్రిములు మొండికెత్తుతాయి, తర్వాత ఆ మందు పనిచేయదు. హమాలీలు పొద్దున అయిదుకే మోండాకు పోతారు, కేంద్రం తెరిచేది తొమ్మిదికి. కాబట్టి నేనే చీకటితో డబ్బా పట్టుకొని పోయేదాన్ని. "చెల్లె, ఇయ్యాల వదిలెయ్" అంటే, "నువ్వు మింగు అన్నా, నేను చాయ్ తాగిపోత" అని అక్కడే కూచునేదాన్ని. కొత్త కోడలికి టీబీ అంటే అత్తగారు పుట్టింటికి తోలేస్తది. ఆ పిల్లకు బలం గోలీలిస్తున్నట్టు పోవాలె. ఇది ఓపిక, లౌక్యం, లెక్క, భాష అన్నీ కలిసిన పని. మా చిన్నమ్మ గంప దగ్గర, మా అమ్మ ముచ్చట్ల దగ్గర నేర్చుకున్నవే.

అట్లాగని అంతా బాగున్నదని చెప్పను. నాది కాంట్రాక్టు పని. ఏటేటా రెన్యువల్, పింఛను లేదు. మా అమ్మ ఊడ్చిన పనికి పింఛను వచ్చింది, నేను ప్రాణాలు నిలబెట్టిన పనికి రాదు. తగిన పని దొరికితే సరిపోదు, పనికి తగిన కూలి కూడా దొరకాలె. 2017లో మందులు రోజువారీగా మారాయి, 2020లో కార్యక్రమం పేరు మారింది. మా కాంట్రాక్టు మాత్రం మారలేదు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొక చట్టం వచ్చాయి. మ్యాన్‌హోళ్ళలో చచ్చిపోయే వాళ్ళ కులాలూ మారలేదు.

మా బస్తీ మెట్లబావి సంగతి ఈ మధ్య అందరికీ తెలిసింది. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన బావిని బాగుచేసి 2022 డిసెంబర్ 5న తెరిచారు. ఇప్పుడు దూరం నుంచి వచ్చి ఫొటోలు దిగుతున్నారు. నాకూ సంతోషమే. కాని నేను చూసిన ఫొటోల్లో బురద ఎత్తిన చేతులు ఎక్కడా లేవు. రాయి కదలకుండా బురద తీయడం కూడా ఒక విద్యేనని ఎవరు రాస్తారు?

ఇప్పుడు బస్తీ పిల్లలు డిగ్రీలు చేసి, "అక్కా, నాకేం పని సరిపోతది?" అని అడగడానికొస్తున్నారు. నేను వాళ్ళకు టిక్కుల కాగితం ఇవ్వను. ఒక వారం నోటుబుక్కు పెట్టుకోమంటాను. ఎవరు ఏ పని కోసం నీ దగ్గరికొచ్చిండ్రు? ఎవరూ చెప్పకుండానే నువ్వు ఏం చేసినవ్? ఇంట్ల నిన్ను ఏమని తిడతరు? ఇవి రాయి. ఫోను బాగుచేసేవాడున్నాడు, పెళ్ళికి నూరుమందికి వండించేవాడున్నాడు, కొట్లాటలో ఇద్దర్ని విడదీసి కూచోబెట్టే పిల్ల ఉన్నది. ఆ పిల్లకు లా చదవమని చెప్పాను. మన సికింద్రాబాద్‌లో ఈశ్వరీబాయి టీచరుగా పనిచేసింది. అదే గొంతు 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి పోయింది. మనిషి ఎదిగితే పనీ ఎదగాలె.

అంతకన్నా ముందు మూడు ప్రశ్నలు అడుక్కోమంటాను. ఇది నాకు తగిన పని అన్నదెవరు, నేనా, నా కులం తెలిసినోడా? ఈ పనిలో పైకి పోయే మెట్టు ఉన్నదా, లేక ఇరవై రెండేళ్ళు అక్కడే నిలబెడతరా? ఇష్టం లేకపోతే నేను వదిలిపెట్టి పోవచ్చా, నా బిడ్డలు వదిలిపెట్టి పోవచ్చా? ఈ మూడింటికి జవాబు మంచిగ వస్తే ఆ పని ఏదైనా చేయి. ఊడ్చే పనైనా సరే, యంత్రంతో, సరైన తన్ఖాతో, నీ ఇష్టంతో చేయి. జవాబు రాకపోతే ఎంత తెల్లచొక్కా నౌకరైనా అది నాయిన పోస్టే.

మా అమ్మ 2004లో రిటైరైంది. ఆమె పోస్టు కోసం మా ఇంటి నుంచి ఎవరూ అర్జీ పెట్టలేదు.