తెగిన వాక్యము

తెలుగు వాక్యమునకు ప్రాణము చివర ఉంటుంది. ఎవరు, ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నీ చెప్పుకొంటూ వచ్చి, అన్నిటి తరువాత క్రియను నిలిపి ఊపిరి తీసుకొనుట తెలుగువారి అలవాటు. "తండ్రి పేరిట ఉన్న స్థలమును చిన్న కుమారునికి వ్రాసి ఇచ్చుటకు పెద్ద కుమారుడు" అన్నంత వరకు ఉండి, ఆ పైన కాగితము చినిగిపోయినదనుకోవచ్చును. అతడు ఒప్పుకొన్నాడా, ఒప్పుకొనలేదా? వ్యాజ్యమంతా చినిగిన ముక్కలో ఉండిపోయినది. హిందీలోను క్రియ చివరనే కూర్చుంటుంది. దానికి ఒక్క అడుగు ముందు 'నహీఁ' అనే చిన్న మాట చేరినదంటే అంతవరకు చెప్పినదంతా తలక్రిందులవుతుంది. ఈ రెండు భాషల నడుమ పనిచేసే అనువాదకులు పూర్ణవిరామము కంటబడే వరకు కలము కదపకపోవుటకు కారణమిదే.

ఇప్పటి కార్యాలయములలో దస్త్రములన్నీ డేటాబేసులలోనికి చేరినవి. వాటితో మాట్లాడుటకు ఏర్పడిన భాషలో మాటలు ఇంగ్లీషువే అయినా, ఈ ఒక్క విషయములో అది తెలుగుకు చుట్టము. ఒక దస్త్రమును మార్చవలసి వచ్చినప్పుడు 'అప్‌డేట్' అని మొదలుపెట్టి పట్టిక పేరు చెప్పవలెను. తరువాత 'సెట్' అని, ఏ గడిలో ఏమి వ్రాయవలెనో వరుసగా చెప్పవలెను. ఎవరి వరుసలో వ్రాయవలెనో మాత్రము చిట్టచివర, 'వేర్' అనే మాట తరువాత వస్తుంది. ఆ చివరి ముక్క లేకుండ ఆజ్ఞ ఇచ్చినచో యంత్రము సందేహించదు, అడుగదు. పట్టికలో ఉన్న ప్రతి మనిషి వరుసను ఒకే విధముగా మార్చివేస్తుంది. ఒకరి చిరునామా మారినదో, ఊరందరి చిరునామా మారినదో తేల్చేది ఆ తోక మాత్రమే.

ఇటువంటి ఆజ్ఞలను కనిపెట్టి ఉండుటకు కాపలా ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఎవరు వచ్చారు, ఏ యంత్రము నుండి వచ్చారు, ఏ గంటకు వచ్చారు, ఏమని అడిగారు అనే నాలుగింటిని అది వ్రాసి పెట్టుకొంటుంది. మొదటి మూడింటితో చిక్కు లేదు, అవి పొట్టివి. నాలుగవదానికి హద్దు ఉన్నది. విరివిగా వాడుకలో ఉన్న పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు, తన యెదుట జరుగుతున్న పనిని ఒక నల్లబల్లపై వ్రాసి చూపినట్లు చూపుతుంది. కాపలా సాధనములు అనేకము ఆ బల్లనే చూచి వ్రాసుకొంటవి. ఎవరూ ముట్టుకొననంత కాలము ఆ బల్లపై ఒక్కొక్క ఆజ్ఞకు దొరికే చోటు 1024 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లోను ఇటువంటి పనికి ఏర్పరచిన హద్దు మొదట 1024గానే ఉంటుంది. ఒరాకిల్ ఒక గడిలో మొదటి 1000 అక్షరములు చూపి, పూర్తి పాఠమును వేరొక గడిలో ఉంచుతుంది. చూచేవాడు మొదటి గడితో తృప్తిపడినచో ఆ దోషము ఒరాకిల్‌ది కాదు.

వెయ్యి అంటే చాలా ఎక్కువ గదా అనిపించవచ్చును. ఇంగ్లీషులో అది నిజమే. ఇంగ్లీషు అక్షరము ఒక్కొక్కటి ఒక్క బైటులో ఇముడుతుంది. ఇప్పుడు సర్వత్ర వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమునకు మూడు బైట్లు కావలెను. దేవనాగరికి కూడ మూడే. పైగా గుణింతము వేరుగా, పొల్లు వేరుగా లెక్కకు వస్తవి. 'లక్ష్మి' అన్న పేరు ఇంగ్లీషులో ఏడు అక్షరములు, ఏడు బైట్లు. తెలుగులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని అవి కూడ ఏడే, కాని 21 బైట్లు. 1024 బైట్లలో ఇటువంటివి 341 కంటె ఎక్కువ పట్టవు. పోస్టుకార్డు మీద ఇంతకంటె ఎక్కువ వ్రాసిన తల్లులు ఉన్నారు. హద్దు అందరికీ ఒక్కటే. తెలుగువానికి మాత్రము అది మూడవ వంతు దూరములోనే తగులుతుంది.

ఈ గొడవ హైదరాబాదులోనో బెంగుళూరులోనో అద్దాల గదులలో కూర్చున్నవారికే సంబంధించినదని తోచవచ్చును. షాదీపూర్ నుండి చూచినప్పుడు అది వేరుగా కనబడుతుంది.

షాదీపూర్ అండమాన్ ముఖ్యపట్టణములోని ఒక పేట. పేరులో పెండ్లి అనే మాట ఇమిడి ఉండుట హిందీ ఎరిగినవారికి వింతగా వినబడుతుంది. ఆ పట్టణమును పోర్ట్ బ్లెయిర్ అనుటకు అలవాటుపడినవారు 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురము అనవలసి ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మందికి పైగా ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాతి స్థానము తెలుగుది. వీరిలో చాలమంది పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి సముద్రము దాటి వచ్చినవారు. ఇంటిలో తెలుగు, బజారులో హిందీ, కార్యాలయములో హిందీయో ఇంగ్లీషో. ఒక మనిషి పేరు మూడు లిపులలో మూడు రూపములు ధరించి తిరిగే చోటు అది. అటువంటి చోట దస్త్రములో వివరణలు పెరుగుతవి: ఫలానావారే ఫలానావారు, కార్డులో పడిన పేరు తప్పు, ఇంటిపేరు ముందు వ్రాసినందువలన తండ్రి పేరుగా భావించారు, అని.

మనిషిని హద్దులో ఇమిడ్చి వ్రాయుట ఆ దీవులకు క్రొత్త గాదు. 1858లో అక్కడ శిక్షా వలస స్థాపించిన తరువాత ఖైదీలకు మెడలో కొయ్యబిళ్ల కట్టే ఆచారము ఏర్పడినది. దానిమీద ఖైదీ సంఖ్య, శిక్ష పడిన సెక్షన్, శిక్ష తేదీ, విడుదల తేదీ ఉండేవి. ఎందుకు చంపినాడో, ఎవరిని కాపాడబోయినాడో, అసలు చంపినాడో లేదో వ్రాయుటకు బిళ్లమీద చోటు లేదు. సెల్యులర్ జైలు కట్టిన తరువాత అందులో ఉన్న రాజకీయ ఖైదీలకు సంవత్సరమునకు ఒక ఉత్తరము వ్రాసుకొనుటకు అనుమతి ఉండేది. అదియు అధికారుల కంటిక్రింద నుండి పోవలెను. ఎంత వ్రాయవచ్చునో నిర్ణయించేవాడు వ్రాసేవాడు కాడు. ఈ పోలికను మరీ దూరము లాగుట న్యాయము కాదు. డేటాబేసు హద్దు పెట్టినవారు జైలరులు కారు. జ్ఞాపకశక్తిని పొదుపుగా వాడుకొనవలెనని చూచిన ఇంజనీర్లు. కాని కొయ్యబిళ్ల కూడ ఎవరో ఒక గుమాస్తాకు సౌకర్యముగా తోచిన కొలతయే గదా.

షాదీపూర్‌లో తెలుగువారి పరస్పర సహాయ సంఘము ఒకటి ఉన్నదని ఊహించుకోవచ్చును. సభ్యులు నెలనెలా కొంత చెల్లిస్తారు. సభ్యుడు పోయినప్పుడు ఆ మొత్తము ఆయన పేర్కొన్న వారసులకు చేరుతుంది. పేర్లు, చిరునామాలు తెలుగులోనే వ్రాసుకొంటారు. ఒక సభ్యుడు మరణించినాడు. భార్య వచ్చి అడిగితే వారసుల గడిలో ఆమె పేరు లేదు. టెక్కలి దగ్గర ఊరిలో ఉన్న మరెవరి పేరో ఉన్నది. ఆమె అడిగేది ఒక్క ప్రశ్న: "నా పేరు ఎవరు తీసేశారు బాబూ?"

గుమాస్తా మంచివాడే. కాపలా చిట్టా తెరిపించినాడు. ఆ నెలలో ఒకే రోజున వారసుల గడిని మార్చిన ఆజ్ఞలు పది ఉన్నవి. ప్రతిదానిలోను పట్టిక పేరున్నది, క్రొత్త వారసుని పేరున్నది, బంధుత్వమున్నది, శ్రీకాకుళము జిల్లా చిరునామా ఇంటి నంబరుతో సహా ఉన్నది, మార్పునకు కారణము వివరించే తెలుగు వాక్యము సగము వరకు ఉన్నది. అక్కడ 1024 నిండినది. 'వేర్' అన్న మాట, దాని తరువాత రావలసిన సభ్యత్వ సంఖ్య, చిట్టాలో పడలేదు. పట్టికను చూచి ఊహింతమంటే, ఆ తరువాత దానిమీద మఱి రెండు మార్పులు పడి పాత గుర్తులు చెరిగిపోయినవి. "అమ్మా, ఎవరో ఏదో మార్చినట్టు తెలుస్తోంది. మీ ఆయన ఖాతాలో మార్చినది ఇదేనని మాత్రము చెప్పలేను" అనుటకంటె అతడు ఏమనగలడు? కాపలావాడు మేలుకొనియే ఉన్నాడు. దొంగ ముఖము చూచినాడు, చేతిలోని మూట చూచినాడు, ఏ ఇంటిలో నుండి వచ్చినాడో మాత్రము చూడలేదు.

ఇది ఊహ. ఇందులోని యంత్రధర్మము ఊహ కాదు. ఆజ్ఞ ముందు నిరపాయముగా కనబడే వ్యాఖ్యను పొడుగుగా వ్రాసి, అసలు పనిని హద్దు అవతలకు నెట్టివేయుట తెలిసినవానికి క్షణములో పని. మైఎస్‌క్యూఎల్‌లో మరొక చిత్రము ఉన్నది. ఒకే పోలిక గల ఆజ్ఞలను ఒక ముద్ర క్రింద చేర్చి లెక్కించుటకు అది వాడే కొలతకు కూడ మొదటి హద్దు 1024 బైట్లే. అంతవరకు ఒకటిగా ఉండి ఆ పైన భేదించిన రెండు ఆజ్ఞలు ఆ లెక్కలో ఒకటే ఆజ్ఞగా చెల్లుతవి. చివరి పేజీలో మాత్రమే భిన్నమైన రెండు అర్జీలను ఒకే అర్జీ అని కట్టగట్టినట్లు.

అయితే హద్దే వద్దనవచ్చునా? అనరాదు. కొందరు నిపుణులు ఈ మాట తేలికగా అంటారు గాని, కాపలావాని పుస్తకము కూడ ఒక ఖజానాయే. ఆజ్ఞ పాఠములో రోగి వ్యాధి ఉంటుంది, ఆధార్ సంఖ్య ఉంటుంది, ఒక్కొక్కప్పుడు రహస్యపదము కూడ ఉంటుంది. పూర్తిగా వ్రాసి ఉంచినచో అసలు డేటాబేసునకు వేసిన తాళములు వృథా. దొంగ చిట్టాను ఎత్తుకొనిపోతే చాలును. అందువలన చాల సాధనములు విలువలను తీసివేసి, వాటి చోట ప్రశ్నార్థకము ఉంచి వ్రాసుకొంటవి. మంచి పద్ధతియే. కాని ఆ విధవరాలి ప్రశ్నకు జవాబైన సభ్యత్వ సంఖ్య కూడ ఆ ప్రశ్నార్థకములోనే మునిగిపోతుంది. ఒకచోట పొడవు మింగినదానిని ఇంకొకచోట మర్యాద మింగినది.

కనుకనే హద్దు ఎంత అనేదానికంటె అది ఎవరి చేతిలో ఉన్నది అనేది ముఖ్యము. పోస్ట్‌గ్రెస్‌లో 2009లో వెలువడిన 8.4 కూర్పు వరకు ఆ పొడవు ప్రోగ్రాములోనే బిగించి ఉండేది. మార్చవలెనంటే ప్రోగ్రామును మరల కట్టుకోవలెను. ఆ కూర్పుతో అది నిర్వాహకుడు మార్చుకోగల ఒక అంకె అయినది. చాలకాలము దాని గరిష్ఠము 100 కిలోబైట్లు. 2020లో వచ్చిన 13వ కూర్పులో ఒక మెగాబైటునకు పెంచినారు. డేటాబేసులో పెంచినంత మాత్రమున పని తీరదు. దానిని చూచి వ్రాసుకొనే కాపలా సాధనమునకు తన హద్దు తనకు ఉంటుంది. రెండింటిలో ఏది పొట్టిదో అదే చెల్లుతుంది. సాధనము తయారు చేసినవారు తమ అంకెను లోపల దాచి బిగించినచో, డేటాబేసువారు 2009లో వదలిన పట్టును వీరు మరల బిగించినట్లే.

ప్రభుత్వ నియమములు ఈ సూక్ష్మమును ముట్టుకొనలేదు. కంప్యూటర్ భద్రత చూచే సర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములు చిట్టాలను 180 దినములు దేశములోనే భద్రపరచవలెనన్నవి. ఎన్ని దినములు దాచవలెనో అందులో ఉన్నది. ఒక్కొక్క పంక్తి ఎంత పొడవు ఉండవలెనో లేదు. సగము వాక్యమును 180 దినములు దాచినా చట్టమునకు లోటు కనబడదు.

అండమాన్ వంటి చోట ఒకప్పుడు పొదుపునకు అర్థముండేది. ఉపగ్రహము మీద ఆధారపడిన రోజులలో ప్రతి బైటూ బరువే. చిట్టాలను ప్రధాన భూభాగమునకు పంపేవారు కత్తిరించి పంపినారంటే తప్పుపట్టలేము. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భములో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమైనది. దారి వెడల్పయినది. బండి పాత కొలతతోనే నడుస్తున్నదా అని చూచుకొనుట మాత్రము ఎవరికి వారు చేసుకోవలసిన పని.

సంఘము వంటి చిన్న సంస్థ అన్ని పట్టికలకు ఒకే కొలత పెట్టుకొననక్కరలేదు. వారసుల పట్టికను ముట్టుకొనే ఆజ్ఞలను పూర్తిగా వ్రాసి, ఆ పుస్తకమునకు వేరే తాళము వేసి, ఇద్దరి సమక్షములో తప్ప తెరువరాదనవచ్చును. రోజువారీ జాబితాలు చూపే ఆజ్ఞలను పొట్టిగా, విలువలు లేకుండ వ్రాసుకోవచ్చును. తెగినచోట తెగినదని గుర్తు, అసలు పొడవు ఎంతో ఒక అంకె ఉండితీరవలెను. తెగిన వాక్యముకంటె ప్రమాదము, తెగినదని తెలియకుండ పూర్తిదిగా కనబడే వాక్యము. తల ఒక్కటే కాక తోకను కూడ కొంత పట్టి ఉంచిన చిట్టా, ఈ భాష స్వభావమును ఎరిగిన చిట్టా. హద్దును మార్చిన ఘటన కూడ అదే చిట్టాలో, మార్చినవాని పేరుతో పడవలెను. తప్పు చేయదలచినవాడు ముందురోజు హద్దును కుదించి, పని ముగించి, మరునాడు యథాస్థానమున ఉంచగలడు.

ఇంతకు పోస్ట్‌గ్రెస్‌లో ఆ అంకె మార్చుట కష్టము కాదు, ఒక్క పంక్తి. కాని ప్రతి అనుసంధానమునకు అంత స్థలము ముందుగానే కేటాయించుకొనే ఏర్పాటు గనుక, సర్వరును ఒకసారి నిలిపి మరల నడిపితే గాని అది అమలులోనికి రాదు. 100 అనుసంధానములకు ఒక్కొక్క మెగాబైటు అంటే 100 మెగాబైట్లు పోతవి. 16 కిలోబైట్లతో సరిపుచ్చుకొంటే రెండు మెగాబైట్లయినా కావు, అయిదువేల పైచిలుకు తెలుగు అక్షరములు పడతవి. షాదీపూర్ సంఘమునకు అది చాలును. ఏ ఆదివారపు ఉదయమో, చందాలు కట్టేవారు రాని వేళ చూచి, పది నిమిషములు తలుపు మూసి ఆ పని చేసుకోవచ్చును. ఎవరో వచ్చి అడిగిన తరువాత చేస్తే, ఆ అడిగినవారికి మాత్రము అది ఉపయోగపడదు.