ఎండను నమ్ముకున్న దుకాణం

హీటర్ అంటే పుదుచ్చేరిలో ఒకటే అర్థం: స్నానాల గదిలో గీజర్. అదీ ధనుర్మాసపు ముచ్చటే. మిగతా ఏడాదంతా చల్లదనం గొడవే. ఢిల్లీ డీలరుకు వేసవిలో కూలర్లు, చలికాలంలో హీటర్లు అని రెండు పంటలు. నెహ్రూ వీధిలోనో అన్నా శాలైలోనో ఏసీల దుకాణం పెట్టుకున్నవాడిది ఒంటికారు వ్యవసాయం. మార్చి నుంచి జూన్ దాకా అమ్మిందే ప్రధానంగా ఏడాది సంపాదన.

మనకు రోహిణి కార్తె ఎలాగో తమిళులకు మే నెల అగ్ని నక్షత్రం అలాగ. ఆ రోజుల్లో దుకాణానికి వచ్చినవాడు ధర కంటే ముందు ఎప్పుడు బిగిస్తారని అడుగుతాడు. అప్పుడు ప్రకటన ఇవ్వడం దండగ. తెలివైన డీలరు ఫిబ్రవరిలోనే పాత బిల్లు పుస్తకాలు బయటికి తీసి, సర్వీసింగ్ గుర్తుచేస్తూ ఫోన్లు చేయిస్తాడు. ఫిల్టరు కడగడానికి వెళ్లిన మెకానిక్కే అతని అసలు సేల్స్‌మన్. పాత కంప్రెసర్ ఇంకెన్నాళ్లు లాగుతుందో ఇంటాయన కంటే ముందు తెలిసేది అతనికే. పైగా సముద్రం పక్కనే. ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిల్ తొందరగా తినేస్తుంది. కాయిల్‌కు నీలిరంగు పూత అని కంపెనీలు చెప్పుకునే గొప్ప లోపలి ఊళ్లలో అలంకారం, ఇక్కడ అవసరం.

ఒకప్పుడు ఈ ఊరికి వేరే ఆకర్షణ ఉండేది. పన్ను తక్కువ కావడంతో కడలూరు, విళుపురం జిల్లాల వాళ్లు ఫ్రిజ్‌లు, ఏసీలు ఇక్కడ కొనుక్కుపోయేవారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఆ తేడాను చెరిపేసింది. మిగిలింది ఆడి మాసపు డిస్కౌంటు. అది తమిళనాడులో ప్రతి ఊళ్లోనూ ఉన్నదే.

అసలు కష్టం సరుకు నిల్వలో ఉంది. ఎండ ఎంత కాస్తుందో తెలియకముందే చలికాలంలో గోడౌన్ నింపాలి. 2023-24లో వోల్టాస్ ఒక్కటే 20 లక్షలకు పైగా ఏసీలు అమ్మింది. ఆ ఊపు చూసి దేశమంతా ఆశపడింది. 2025లో మే నెలలోనే వానలు పడ్డాయి. రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే మొదలు. పెద్ద కంపెనీల త్రైమాసిక లెక్కల్లో అది అమ్మకాలు తగ్గాయన్న ఒక వాక్యం. చిన్న డీలరుకు గోడౌన్ అద్దె, బ్యాంకు వడ్డీ. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామనేసరికి, కొందామనుకున్నవాళ్లు కూడా ఆగిపోయారు. సెప్టెంబరు 22న పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతలోనే మరో గడువు: 2026 జనవరి 1 నుంచి కొత్త స్టార్ రేటింగ్. దాంతో పాత ఐదు నక్షత్రాలు నాలుగయ్యే పరిస్థితి. అంటే పాత సరుకును వానాకాలంలోనే వదిలించుకోవాలి.

పుదుచ్చేరి వానాకాలం అంటే మాటలు కాదు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు 24 గంటల్లో దాదాపు 48 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి వరద తర్వాత స్విచ్ వేయకముందే మెకానిక్‌ను పంపి ఉచితంగా చూపించే దుకాణాన్ని ఆ ఇల్లు మరిచిపోదు. ఏ కరపత్రమూ చేయలేని పని అది.

ఈ ఊళ్లోనే గోల్కొండే అనే ఆశ్రమ వసతి గృహం ఉంది. నిజాం ప్రభుత్వపు విరాళం సర్ అక్బర్ హైదరీ ద్వారా అందడంతో ఆ పేరు. 1937లో ఆంటొనిన్ రేమండ్ మొదలుపెట్టిన ఆ భవనం ఏసీ లేకుండా, కాంక్రీటు పలకల సందుల్లోంచి వచ్చే గాలితోనే చల్లగా ఉంటుంది. అందరూ అలా కట్టుకుంటే డీలర్ల గతేమిటన్నది వేరే ప్రశ్న.

ప్రస్తుతానికి వాళ్లను ఆదుకోగలిగేది వైట్ టౌన్ హోటళ్లే. ఇళ్లలో ఏసీలు ఆగే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే అక్కడ పర్యాటకుల రద్దీ. అందుకే సెప్టెంబరులో సర్వీసింగ్ కావాలి, ఏడాది కాంట్రాక్టులు కావాలి. ఆ డబ్బు కొత్త ఏసీ అమ్మకమంత ఊరించదు. కానీ వానల్లో జీతం అందని మెకానిక్ చెన్నైకో గల్ఫ్‌కో వెళ్లిపోతే, మార్చిలో ఏసీలు అమ్ముడైనా బిగించేవాడు ఉండడు. దీపావళి బోనస్ అడిగేది కూడా గల్లాపెట్టె ఖాళీగా ఉండే ఆ వానల్లోనే.