సైకిల్ తొక్కితే 130 కిలోమీటర్లు.. మగ్గం తొక్కితే మూరెడు గుడ్డ!

ఒంగోలు నుంచి విజయవాడకి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కే లేదు. వెళ్లిన ప్రతిసారీ గుంటూరు దాటాక కిటికీలోంచి ఒక కొండ కనిపిస్తుంది. చూడ్డానికి ఏనుగులా ఉంటుంది. ‘మంగళగిరి వచ్చేసింది, బ్యాగులు తీసి పెట్టుకోండి’ అనడమే తప్ప, ఒకసారి దిగి చూద్దామని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నాకూ అనిపించలేదు. చివరికి నన్ను అక్కడ దింపింది సైకిల్ టైరులో దిగిన ఒక గాజుపెంకు!

ప్లాన్ సింపుల్. ఫిబ్రవరి నెలాఖరు శనివారం తెల్లవారుజామున ఒంగోలులో బయల్దేరాలి. సాయంత్రానికి ప్రకాశం బ్యారేజీ మీద ఫొటో దిగాలి. రాత్రి రైలెక్కి ఇంటికి వచ్చేయాలి. మధ్యలో ఊళ్లు చూడటం, తిరగడం లాంటివి ఏమీ లేవు. యాప్‌లో దూరం, సగటు వేగం బాగా కనిపిస్తే చాలు.

ఎర్రటి కల్లాల పక్కనుంచి..

నాలుగున్నరకి బయల్దేరా. మేదరమెట్ల దాటేసరికి తెల్లారింది. మార్టూరులో టీ తాగా. అక్కణ్ణుంచి చిలకలూరిపేట వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా మన మెట్ట పంటల సినిమా నడుస్తున్నట్టే ఉంటుంది. పత్తి ఏరడం అయిపోయి కట్టె మాత్రం నిలబడ్డ చేలు, వాటి పక్కనే ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు మిర్చి కల్లాలు. ఒక కల్లం దగ్గర ఫొటో కోసం ఆగా. ఆగిన అర నిమిషానికి తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, రెండు, ఏడు..

‘‘ముక్కుకి గుడ్డ కట్టుకో అబ్బాయ్’’ అన్నాడు కాయలు తిరగేస్తున్న రైతు, నవ్వుతూ. తేజ రకమట. చూడ్డానికి సన్నంగా ఉంటుంది గానీ కారం నషాళానికి అంటుతుంది. ఈసారి రేటు ఎలా ఉందని అడిగా.

‘‘రేటు మేం చెప్పేది ఎక్కడుంది? గుంటూరు యార్డుకి పోయి, ఎంతిస్తారని అడుగుతాం. నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాం. అదీ ఎన్నాళ్లు?’’ అన్నాడు.

అప్పుడు తలూపి వచ్చేశా. ఆ మాట సాయంత్రం మళ్లీ గుర్తొస్తుందని తెలియదు.

గుంటూరు బైపాస్ మీద ఎండ ముదిరింది. మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. దాదాపు 130 కిలోమీటర్లు అయ్యాయి. ఇంకో 15 తొక్కితే బ్యారేజీ! సరిగ్గా అప్పుడే వెనక చక్రం ‘బుస్’మంది.

ట్యూబ్ పంక్చరైతే పది నిమిషాల పని. కానీ గాజుపెంకు టైరునే అడ్డంగా కోసేసింది. సైకిల్‌ని నడిపించుకుంటూ ఊళ్లోకి వచ్చి రిపేరు షాపులో చూపించా. ‘‘గేటరు వేస్తా గానీ హైవే మీద నమ్మలేం. ఈ సైజు టైరు ఇక్కడ దొరకదు’’ అన్నాడు షాపాయన. విజయవాడలో ఉన్న ఫ్రెండుకి ఫోన్ చేస్తే, రేపు పొద్దున తెచ్చిస్తా అన్నాడు. అలా, నా రికార్డు రైడ్ మంగళగిరిలో ఆగిపోయింది. ఒక రాత్రి, ఒక పగలు ఈ ఊరికే రాసి పెట్టి ఉన్నాయి!

మెడ నొప్పెట్టే గోపురం

ముందు అన్నం. బస్టాండు దగ్గర ఒక చిన్న మెస్‌లో కూర్చున్నా. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క. 130 కిలోమీటర్ల ఆకలి మీద గోంగూర అన్నం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. మూడోసారి అన్నం వడ్డిస్తూ, ‘‘ఎక్కడ్నుంచి తొక్కుకుంటూ వచ్చావ్ బాబూ?’’ అని అడిగారు. ఒంగోలు అని చెబితే నాలుగోసారి అడక్కుండానే వేశారు.

రూము తీసుకుని, కాసేపు పడుకుని, ఎండ తగ్గాక బయటికొచ్చా. కొండ దిగువన ఉన్న లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గరికి వెళ్తే ముందు కనిపించేది గాలిగోపురం. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. అమరావతిని ఏలిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించారు. ఎత్తుతో పోలిస్తే వెడల్పు 49 అడుగులే. అందుకే నిటారుగా, సన్నగా, ఆకాశంలోకి వేసిన నిచ్చెనలా ఉంటుంది. క్రేన్లు లేని రోజుల్లో ఇంత బరువుని అంత పైకి ఎలా ఎక్కించారో అనుకుంటూ చూస్తే మెడ పట్టేసింది. ఫోన్ ఎంత వంచినా మొత్తం ఫ్రేములో పట్టలేదు.

ఏటా ఫాల్గుణ మాసంలో ఇక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. రథం లాగే రోజున ఊరంతా తిరునాళ్లే. నేను వెళ్లింది దానికి ముందు కాబట్టి వీధులు ఖాళీగా ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలోనే పక్క సందులోంచి ఒక చప్పుడు వినిపించింది. టక్.. టక్.. టక్..

గుంటలో పెడల్స్

అది మగ్గం చప్పుడు. మంగళగిరి చీరలంటే తెలియని తెలుగింటి ఆడవాళ్లు ఉండరు. మెత్తటి నూలు, అంచున జరీ. మధ్యలో పెద్దగా బుటాలు, పూలు ఉండవు, అందమంతా ఆ సాదాతనంలోనే. సన్నటి పళ్లలా ఉండే జరీ అంచుని ‘నిజాం అంచు’ అంటారు. ఈ చీరలకి, బట్టలకి జీఐ గుర్తింపు కూడా ఉంది. ‘‘అటువైపు వెళ్తే ఒక చీర తేరా’’ అని అమ్మ ఎన్నిసార్లు అడిగిందో! ఇదే మంచి సమయం అనుకుని లోపలికి తొంగి చూశా.

అరవై దాటిన పెద్దాయన మగ్గం దగ్గర ఉన్నారు. వాళ్లావిడ గుమ్మం దగ్గర రాట్నం తిప్పుతూ కండెలకి నూలు చుడుతోంది. చీరలు చూపించమంటే నాలుగు పరిచారు. ఆకుపచ్చది నచ్చింది.

‘‘ఎంత బాబాయ్?’’

‘‘పద్దెనిమిది వందలు.’’

చీరల గురించి నాకు తెలిసింది సున్నా. కానీ బేరం ఆడకపోతే ఇంట్లో పరువు పోతుందని తెలుసు. ‘‘పదిహేను వందలకి ఇచ్చేయండి’’ అన్నా. ఆయన వాళ్లావిడ వైపు చూశారు. ఆవిడ రాట్నం ఆపి, మళ్లీ తిప్పింది. చివరికి పదహారు వందలకి తెగింది. ఫోన్‌పే కొట్టేశా. రెండొందలు మిగిల్చా కదా అని లోపల చిన్న గర్వం.

ఇంతలో నా సైక్లింగ్ షార్ట్స్ చూసి ఆయన అడిగారు, ‘‘ఇంత దూరం తొక్కితే కాళ్లు పీకవా?’’ అని. ‘‘అలవాటే బాబాయ్’’ అన్నా స్టయిలుగా. ‘‘అయితే ఇదోసారి తొక్కి చూడు’’ అంటూ లేచి చోటిచ్చారు.

ఇవి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దింపి, అంచు మీద కూర్చోవాలి. గుంటలో, పాదాల కింద తొక్కుడు చెక్కలు ఉంటాయి. ఒకటి తొక్కితే పడుగు దారాలు సగం పైకి, సగం కిందకి విడిపోతాయి. ఆ సందులోంచి నాడె పరిగెత్తాలి. అందుకు ఒక చేత్తో తాడు లాగాలి. పేక దారం పడగానే రెండో చేత్తో అడ్డచెక్కని దగ్గరికి గుంజి కొట్టాలి. వెంటనే రెండో చెక్క తొక్కాలి. ఇంతా చేస్తే చీరలో పడేది ఒక్క దారం!

నాకు ఆడుకోవడానికని మగ్గం చివర ఒక పాత ముక్క మీద నేయనిచ్చారు. నాలుగుసార్లు నాడె ఇరుక్కుంది. పది నిమిషాలకి తొడలు పట్టేశాయి. నిజం! పొద్దుట్నుంచి 130 కిలోమీటర్లు తొక్కినవాణ్ణి, కదలని పెడల్స్ దగ్గర పది నిమిషాలకే చేతులెత్తేశా.

‘‘నీది ముందుకి పోయే తొక్కుడు. మాది కూర్చున్నచోటే తొక్కుడు’’ అని నవ్వారాయన. ఒక చీరకి ఇద్దరి కష్టం, దాదాపు రెండు రోజులు పడుతుందట. మోకాళ్లు సహకరించడం లేదట. కొడుకు విజయవాడలో ఫోన్ల షాపులో చేస్తున్నాడు. ‘‘గుంటలోకి దిగనన్నాడు. నేనూ దిగమనలేదు’’ అన్నారు.

లేచి నిలబడ్డా. చేతిలో చీర కవరు ఉంది. నేను తగ్గించిన రెండొందలు ఆయన కాళ్లకి ఎన్ని తొక్కుళ్లో లెక్క వేయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశా. పొద్దున కల్లం దగ్గర రైతు మాట గుర్తొచ్చింది. తన సరుకుకి తను రేటు చెప్పలేనన్నాడు ఆయన. ఈయన చెప్పారు. తగ్గించింది నేను.

రాత్రి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నా. మధ్యలో చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అదంతా కారం వల్లే అని నాకు నేను చెప్పుకున్నా.

సగం స్వామికి, సగం మనకి

ఆదివారం పొద్దున్నే కొండెక్కా. వాహనాలకి ఘాట్ రోడ్డు ఉంది గానీ మెట్ల దారే పట్టా. సైకిల్ తొక్కే కాళ్లకి మెట్లెక్కే పని కొత్త. ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి చూశా. కింద గాలిగోపురం, పెంకుటిళ్లు, కొత్త అపార్టుమెంట్లు, వాటి అవతల గీత గీసినట్టు హైవే. ఇన్నాళ్లూ నేను ఆ గీత మీంచి ఇటు చూశా. ఇవాళే ఇటునుంచి దాన్ని చూస్తున్నా.

పైన పానకాల నరసింహస్వామి. గుహలాంటి గర్భగుడిలో విగ్రహం కాదు, తెరిచిన నోరు ఉంటుంది. భక్తులు తెచ్చిన బెల్లం పానకాన్ని అర్చకులు శంఖంతో ఆ నోట్లో పోస్తారు. గుటక వేస్తున్నట్టు శబ్దం వస్తుంది. సగం అయ్యాక ఆ శబ్దం ఆగుతుంది, స్వామికి చాలని గుర్తు. మిగతా సగం మనకి ప్రసాదం. ఇంత బెల్లం నీళ్లు పడే చోట ఒక్క చీమ కూడా కనిపించదని ఇక్కడివాళ్లు గొప్పగా చెబుతారు. రాత్రిపూట దేవతలు వచ్చి పూజ చేస్తారని నమ్మకం. అందుకే సాయంత్రాలు పై గుడి తెరవరు.

బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన ఆ నీళ్లు గొంతులో పడగానే ప్రాణం లేచొచ్చింది. నా బాటిల్లో వేసుకునే ఎలక్ట్రోలైట్ పొడులన్నీ దీని ముందు దిగదుడుపే. గ్లాసు ఖాళీ చేస్తుంటే పక్కనున్న పెద్దావిడ మనవరాలితో అంటోంది, ‘‘ఎంత పెద్ద బిందె తెచ్చినా సగమే తీసుకుంటాడమ్మా స్వామి, మొత్తం లాగేసుకోడు’’ అని.

నాకే చెప్పినట్టు అనిపించింది. గబగబా మెట్లు దిగేశా.

కింద ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి లాగించేసరికి ఫ్రెండు టైరు తెచ్చాడు. బిగించుకుని నేరుగా ఆ సందులోకే వెళ్లా. ఆదివారమైనా మగ్గం ఆడుతూనే ఉంది. రెండు వందల నోట్లు రెండు వందలవే, చిల్లర లేకుండా ఒకటే తీసి ఇవ్వబోయా.

పెద్దాయన ముట్టుకోలేదు. ‘‘నిన్న ఒప్పుకున్న బేరం కదా, ఇవాళ తీసుకుంటే బాగుండదు’’ అన్నారు. నేను బతిమాలితే ఒక మాట చెప్పారు. ‘‘నీకు అంతగా ఉంటే ఒక పని చెయ్యి. చీర ఎంతని ఎవరడిగినా పద్దెనిమిది వందలనే చెప్పు. పదహారని చెప్పావనుకో, ఈసారి వచ్చేవాళ్లు అక్కణ్ణుంచి బేరం మొదలెడతారు.’’

బ్యారేజీ మీద ఫొటో

అక్కణ్ణుంచి హైవే ఎక్కకుండా ఉండవల్లి మీదుగా వెళ్లా. కొండని తొలిచి చేసిన నాలుగంతస్తుల గుహలు, లోపల ఒకే రాతిలో శయనించిన అనంత పద్మనాభుడు. చుట్టూ పచ్చటి పొలాలు. ఉలితో ఒక్కో పెచ్చూ ఊడగొట్టిన వాళ్ల గురించి ఆలోచిస్తే, నాడెతో ఒక్కో దారం వేసే ఆయనే గుర్తొచ్చారు.

ప్రకాశం బ్యారేజీ చేరి, అనుకున్న ఫొటో దిగా. ఒక రోజు ఆలస్యంగా! యాప్‌లో సగటు వేగం ఘోరంగా ఉంది. పట్టించుకోలేదు.

రాత్రి ఇంటికెళ్లగానే అమ్మ చీర విప్పి, అంచు తడిమి, వెలుగులో పెట్టి చూసింది. కళ్లు మెరిశాయి. తర్వాత రావాల్సిన ప్రశ్న రానే వచ్చింది.

‘‘ఎంతకిచ్చారు?’’

‘‘పద్దెనిమిది వందలు.’’

‘‘అయ్యో పిచ్చి సన్నాసీ.. ఒక రెండొందలు తగ్గించమని అడగాల్సింది!’’

మీరూ వెళ్తారా?

గుంటూరు నుంచి మంగళగిరి 20 కిలోమీటర్లు, విజయవాడ నుంచి 15 లోపే. సైకిల్ మీదైతే నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఎండలు ముదిరాక సాహసం వద్దు. కొండ పొద్దున్నే ఎక్కండి. స్పేర్ ట్యూబుతో పాటు టైరు లోపల వేసుకునే చిన్న ముక్క కూడా వెంట ఉంచుకోండి. చీర కొంటే నేత జరిగే ఇంట్లో కొనండి, ముందు పది నిమిషాలు మగ్గం తొక్కి చూడండి. బేరం సంగతి ఆ తర్వాత మీ ఇష్టం.